బోదకాలు – స్వీయసంరక్షణ: వైద్య వివరణలో తెలుగు మాటల పాత్ర

వ్యాససంగ్రహం:
బోదకాలు ముదిరిన తరువాత కాలు పూర్వరూపానికి రాదు. అయినా సబ్బు, శుభ్రమైన నీరు, పొడి గుడ్డ, కాలిని ఎత్తులో ఉంచడం, తగిన కదలిక అనే సాధారణ పద్ధతులతో జ్వరాలను తగ్గించి, వాపు పెరుగుదలను అదుపు చేయవచ్చు. ఈ పద్ధతికి డబ్బు ఖర్చు తక్కువ. అయితే రోజువారీ సమయం, నీరు, ఇంటివారి తోడ్పాటు కావాలి. వ్యాధిగ్రస్తులు ఈ పద్ధతిని మొదలుపెట్టకపోవడానికి, మొదలుపెట్టి మధ్యలో మానడానికి దానిని వివరించే భాష కూడా ఒక కారణం. 'బోదకాలు మాత్ర', 'నయం' వంటి మాటలు కలిగించే ఆశలను, అపోహలను పరిశీలిస్తూ స్వీయసంరక్షణ క్రమాన్ని తెలుగులో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బోదకాలు, శ్లీపదం, శోషరస నాళాలు, స్వీయసంరక్షణ, నయం, అదుపు, ఆరోగ్య సమాచార భాష.

1. ప్రవేశిక:
బోదకాలు తెలుగువారికి కొత్త వ్యాధి కాదు. శ్రీకాకుళం మొదలుకొని గోదావరి జిల్లాల వరకు, తెలంగాణలో కరీంనగర్, నల్గొండ వంటి ప్రాంతాలలోనూ ఇది తరతరాలుగా ఉన్నది. భారత ప్రభుత్వం 1955లోనే జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించాలని 1997లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. ఆ తీర్మానాన్ని అనుసరించి 2000లో మొదలైన ప్రపంచ కార్యక్రమం రెండు లక్ష్యాలను పెట్టుకొన్నది. మొదటిది, ప్రజలందరికీ మాత్రలు ఇచ్చి వ్యాధి వ్యాప్తిని ఆపడం. రెండవది, ఇప్పటికే వ్యాధి సోకి కాలు వాచినవారి బాధను తగ్గించి, వారు పని చేసుకోగలిగేలా చూడడం.

మాత్రల పంపిణీకి దక్కినంత ప్రచారం రెండవ లక్ష్యానికి దక్కలేదు. మాత్రలు ఏడాదికి ఒకసారి ఊరంతటికీ సంబంధించినవి. కాలి సంరక్షణ ప్రతిరోజూ ఒక మనిషి ఇంట్లో జరగవలసినది. దానిని చెప్పి ఒప్పించాలంటే వైద్యజ్ఞానంతో పాటు ఆ మనిషికి అర్థమయ్యే మాట కూడా కావాలి. అందువల్ల ఇది వైద్యశాస్త్రానికే పరిమితమైన విషయం కాదు. భాషాధ్యయనం చేసేవారూ పట్టించుకోవలసినది.

2. వ్యాధి పేర్లు – వాటిలోని పరిశీలన:
సంస్కృత వైద్యగ్రంథాలు ఈ వ్యాధిని 'శ్లీపదం' అన్నాయి. శిలవలె గట్టిపడిన పాదం అని దీనికి వ్యుత్పత్తి చెప్తారు. సుశ్రుతసంహిత నిదానస్థానం పన్నెండవ అధ్యాయంలో శ్లీపద ప్రస్తావన ఉన్నది. పాతనీరు నిలిచి, అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే ప్రదేశాలలో ఈ వ్యాధి ఎక్కువని అందులో చెప్పడం గమనించదగినది. దోమ పాత్ర తెలియని కాలంలోనే నిలువనీటికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని ఆ గ్రంథం గుర్తించింది. ఏడాది దాటినది, బాగా పెరిగినది, పుట్టవలె బొడిపెలు కట్టినది చికిత్సకు లొంగదనీ చెప్పింది. అంటే వ్యాధి తొలిదశకూ ముదిరిన దశకూ మధ్య ఉన్న తేడా ప్రాచీనులకు తెలుసు.

తెలుగులో 'బోదకాలు', 'ఏనుగుకాలు' అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. 'బోద' అనగానే అరటి బోదెవంటి లావు తెలుగువారి మనసులో మెదులుతుంది. ఈ రెండు పేర్లూ చూపుకు ఆనే ఆకారాన్ని చెప్తాయి తప్ప వ్యాధి గమనాన్ని చెప్పవు. కాలు బోదెలా మారాకే ఆ పేరు పెడతారు కనుక, సాయంత్రానికి పాదం మీద కనిపించి తెల్లవారేసరికి తగ్గిపోయే తొలి వాపును ఎవరూ బోదకాలు అనుకోరు. సంరక్షణ ఎక్కువ ఫలితమిచ్చే దశ అదే. పేరు అందేసరికి ఆ దశ దాటిపోతుంది.

పేరులో మరొక ఇబ్బంది ఉన్నది. 'బోదకాలు' అనేది వ్యాధి పేరుగానే మిగలక, ఊళ్ళో మనిషికి ఎగతాళి పేరుగా మారుతుంది. దానికి వెరచి కాలిని చీరకుచ్చిళ్ళ కింద, లుంగీ కింద దాచుకొనేవారు ఉంటారు. దాచిన కాలికి వైద్యం అందడం కష్టం. ప్రభుత్వ పత్రాలు 'బోదకాలు బాధితులు' అనే మాటను వాడడం ఈ దృష్టితో చూస్తే మేలైన మార్పు.

3. వ్యాధి క్రమం:
1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ మనిషి రక్తంలో సూక్ష్మమైన పురుగు పిల్లలను గుర్తించాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవుపట్టణంలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, అవి దోమ శరీరంలో ఎదుగుతాయని చూపాడు. మన దేశంలో బోదకాలుకు ప్రధాన కారణం వుకరేరియా బాన్‌క్రాఫ్టీ అనే పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని ఒకరినుంచి మరొకరికి చేరుస్తుంది. పురుగు పిల్లలు రాత్రివేళలోనే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలిమొన నుంచి రక్తం తీసుకోవడానికి కారణం ఇదే.

ఎదిగిన పురుగులు శోషరస నాళాలలో కొన్నేళ్ళపాటు నివసిస్తాయి. కణజాలంలో మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చడం ఈ నాళాల పని. మురుగుకాలువ పూడితే వీధిలో నీరు నిలిచినట్లు, ఈ నాళాలు సాగి దెబ్బతింటే కాలిలో ద్రవం నిలుస్తుంది. అయితే వాపు అంతగా పెరగడానికి పురుగు ఒక్కటే కారణం కాదు. ద్రవం నిలిచిన చర్మానికి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. వేళ్ళ సందులలో తడి నిలిచి చర్మం చిట్లినా, ముల్లు గుచ్చుకొన్నా, గోరు తీస్తుండగా గాయమైనా ఆ దారిన బాక్టీరియా లోపలికి చేరుతుంది. అప్పుడు చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి మండుతుంది, గజ్జలలో బిళ్ళ కడుతుంది. కొన్నాళ్ళకు జ్వరం తగ్గుతుంది కానీ నాళాలు మరికొంత దెబ్బతింటాయి. ఇలా జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు మరికాస్త లావెక్కి, చర్మం గట్టిపడుతుంది.

బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వైద్యురాలు గెరూసా డ్రేయర్, ఆమె సహచరులు 1990లలో చేసిన కృషి ఈ విషయాన్ని స్పష్టపరచింది. వాపును ఏడు దశలుగా విభజించి, ప్రతి దశకూ తగిన సంరక్షణను వారు క్రోడీకరించారు. తెల్లవారేసరికి తగ్గే వాపు మొదటి దశ. తన పనులు తాను చేసుకోలేని స్థితి ఏడవ దశ. జ్వరాలను ఆపగలిగితే ఒక దశనుంచి మరొక దశకు జారడాన్ని ఆపవచ్చుననేది స్వీయసంరక్షణకు మూలసూత్రం.

4. 'బోదకాలు మాత్ర' – ఒక మాట తెచ్చిన చిక్కు:
ప్రభుత్వం పంపిణీ చేసే మాత్రలలో ముఖ్యమైనది డై ఇథైల్ కార్బమజైన్, అంటే డి.ఇ.సి. దీనికి తెలుగువారితో గాఢమైన సంబంధం ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1947 ప్రాంతంలో 'హెట్రజాన్' పేరుతో ఈ మందు వెలువడింది. బోదకాలు పీడించిన గోదావరి ప్రాంతంలో పుట్టిన శాస్త్రవేత్త నాయకత్వంలో వచ్చిన మందు నేటికీ ప్రపంచ కార్యక్రమానికి ఆధారంగా ఉండడం తెలుగు వైజ్ఞానిక చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం.

ఈ మందు ప్రధానంగా రక్తంలోని పురుగు పిల్లలను తొలగిస్తుంది. వాటిని దోమ మోసుకెళ్ళే అవకాశం తగ్గుతుంది కాబట్టి ఊరికి మేలు జరుగుతుంది. కానీ ఎన్నో ఏళ్ళుగా గట్టిపడిన కాలిని ఇది తగ్గించలేదు. కాలు బాగా వాచిన చాలామందిలో రక్తంలో పురుగు పిల్లలే కనిపించవు.

ఇక్కడ మాట సమస్య అవుతున్నది. వాడుకలో ఈ మాత్రలకు 'బోదకాలు మాత్రలు' అని పేరు. తెలుగులో 'జ్వరం మాత్ర' అంటే జ్వరం తగ్గించేది, 'తలనొప్పి మాత్ర' అంటే తలనొప్పి తగ్గించేది. అదే పోలికలో 'బోదకాలు మాత్ర' అంటే బోదకాలును తగ్గించేదనే అర్థం సహజంగా వస్తుంది. ఫలితంగా రెండు వైపులా నష్టం. కాలు బాగున్నవారు 'మాకు బోదకాలు లేదు, మాకెందుకు' అని మాత్ర వేసుకోరు. కాలు వాచినవారు ఏటా వేసుకొని, కాలు తగ్గలేదని నిరాశపడతారు. ఆ నిరాశతోనే సబ్బు, నీళ్ళ మాట కూడా కొట్టిపారేస్తారు. షష్ఠీ తత్పురుషంలా విడదీయవలసిన సమాసాన్ని ప్రజలు తమ భాషానుభవం ప్రకారం వేరుగా విడదీస్తున్నారు. ఇందులో తప్పు వారిది కాదు. 'బోదకాలు రాకుండా వేసే మాత్ర' అన్న చిన్న వాక్యం ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది.

5. కాలి సంరక్షణ క్రమం:

5.1 కడగడం: కావలసినవి ఒక వెడల్పాటి తొట్టి, మగ్గు, మామూలు ఒంటిసబ్బు, మెత్తని తుండుగుడ్డ. నీరు శుభ్రంగా, గోరువెచ్చదనం దాటకుండా ఉండాలి, వేడినీరు పనికిరాదు. ముందుగా కాలి మీద పుండ్లు, చిట్లిన చోట్లు ఉన్నాయేమో చూడాలి. తరువాత మోకాలి నుంచి పాదం వైపు సబ్బు నురుగుతో మెల్లగా కడగాలి. చర్మపు మడతలను, వేళ్ళ సందులను మెత్తని గుడ్డతో విడివిడిగా శుభ్రం చేయాలి. బ్రష్షుతోనో పీచుతోనో రుద్దకూడదు. సబ్బు జిడ్డు పోయేవరకు నీరు పోయాలి. వాపు లేని కాలిని కూడా ఇలాగే కడగాలి. రోజుకు ఒక్కసారైనా, వీలైతే రెండుసార్లు చేయాలి.

5.2 తడి ఆర్చడం: తెలుగు ఇళ్ళలో బయటనుంచి రాగానే చెంబెడు నీళ్ళు కాళ్ళ మీద పోసుకొని లోపలికి రావడం ఆచారం. 'రోజూ కాళ్ళు కడుక్కోండి' అని ఆరోగ్య కార్యకర్త చెప్తే 'కడుక్కొంటూనే ఉన్నాం' అనే సమాధానం అందువల్లనే వస్తుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ ఆచారంలో సబ్బు లేదు, తుడవడం లేదు. తడికాళ్ళతో ఇంట్లోకి నడవడం మామూలే. బోదకాలు ఉన్నవారికి వేళ్ళ సందులలో మిగిలిన ఆ తడే ప్రమాదం. కాబట్టి వివరణలో బరువు 'కడగడం' మీదకంటే 'ఆర్చడం' మీద పడాలి. పొడి గుడ్డను రుద్దకుండా అద్దుతూ తుడవాలి. వేళ్ళ సందులలోకి పలుచని గుడ్డపేలికను పంపి తడి పీల్చాలి. ఆ గుడ్డను రోజూ ఉతికి ఎండలో ఆరవేయాలి.

5.3 చిన్న గాయాలు: వేళ్ళ మధ్య చర్మం తెల్లబడి, ఒరిసి, దురద పెడుతుంటే అది సాధారణంగా శిలీంధ్రం వల్ల. వైద్యులు సూచించిన శిలీంధ్రనాశక లేపనం రాయాలి. పుండు ఉంటే దానికి తగిన మందు వేరు. గోళ్ళను అడ్డంగా, నిటారుగా కత్తిరించాలి, మూలలు తవ్వకూడదు. పసరులు, పేడ, సున్నం వంటివి చిట్లిన చర్మం మీద పెట్టడం హానికరం.

5.4 ఎత్తు, కదలిక, పాదరక్షలు: కూర్చున్నప్పుడు కాలిని పీట మీదనో స్టూలు మీదనో పెట్టి, మోకాలి కింద ఆసరా ఉంచాలి. పడుకొన్నప్పుడు పాదాల కింద దిండు పెట్టుకోవచ్చు; మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయవచ్చు. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు మాత్రం వైద్యుని అడగనిదే ఇలా చేయకూడదు. కాలివేళ్ళ మీద లేచి దిగడం, చీలమండను గుండ్రంగా తిప్పడం, పాదాన్ని ముందుకూ వెనక్కూ వంచడం వంటివి రోజుకు పలుమార్లు చేయాలి. పిక్క కండరం కదిలినప్పుడు నిలిచిన ద్రవం పైకి నడుస్తుంది. చెప్పులు వెడల్పుగా, ఒరిపిడి లేకుండా ఉండాలి. వట్టికాళ్ళతో పొలంలోకి, వీధిలోకి వెళ్ళకూడదు. పట్టీ కట్టడం మేలు చేసే పద్ధతే కానీ శిక్షణ పొందినవారివద్ద నేర్చుకొన్నాకే కట్టాలి. కేరళలోని కాసరగోడ్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ ఆయుర్వేదం, యోగా, ఆధునిక వైద్యాలను కలిపి, పట్టీ కట్టడాన్ని కూడా అందులో భాగంగా చేసి చికిత్స చేస్తున్నది.

6. జ్వరం వచ్చినప్పుడు:
చలిజ్వరంతో కాలు ఎర్రబడి నొప్పి పెడుతున్నప్పుడు పద్ధతి మారుతుంది. వ్యాయామం ఆపాలి. పట్టీ విప్పాలి. కాలిని ఎత్తులో ఉంచి విశ్రాంతి తీసుకోవాలి. చల్లని తడిగుడ్డ వేయాలి, నీరు ఎక్కువగా తాగాలి. జ్వరానికి పారాసిటమాల్ వేసుకొని, యాంటీబయాటిక్ అవసరాన్ని నిర్ణయించే వైద్యుని వద్దకు వెళ్ళాలి. నొప్పి తట్టుకోగలిగితే మెల్లగా కడిగి ఆర్చవచ్చు. కాపడం పెట్టడం, మర్దన చేయడం, గాటు పెట్టి రక్తం తీయడం చేయరాదు. మగత, తికమక, ఎడతెగని వాంతులు, చీము వంటి లక్షణాలుంటే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి.

పురుషులలో ఇదే పురుగు వల్ల వచ్చే వరిబీజం విషయం వేరు. వాడుకలో 'బుడ్డ' అనే ఆ వాపు శస్త్రచికిత్సతో నయమవుతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి 'దీనికి మందు లేదు' అనడం వల్ల నయం కాగలిగినవారు కూడా సిగ్గుతో ఏళ్ళ తరబడి బాధపడుతున్నారు.

7. తక్కువ ఖర్చు – లెక్కకు రాని ఖర్చు:
పైన చెప్పిన వస్తువులలో దాదాపు అన్నీ ఇంట్లో ఉండేవే. ప్రభుత్వ కార్యక్రమం ద్వారా తొట్టి, మగ్గు, సబ్బు, తువాలు, లేపనంతో కూడిన కిట్లను కూడా అందజేస్తున్నారు. ఒడిశాలోని ఖుర్దా జిల్లాలో గ్రామస్థాయిలో ఇటువంటి సంరక్షణను నేర్పిన కార్యక్రమంపై జరిగిన అధ్యయనాలలో జ్వరాలు తగ్గాయని, పోతున్న పనిదినాలు మిగిలాయని, వెచ్చించిన దానికి అనేక రెట్లు ఆదా జరిగిందని తేలింది. పురుగు ప్రమేయం లేకుండా ఎర్రమట్టి నేలల్లో వట్టికాళ్ళతో నడిచేవారికి వచ్చే మరొక రకం కాలివాపు మీద ఇథియోపియాలో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలోనూ శుభ్రత వల్ల జ్వరాలు తగ్గాయి.

అయితే 'ఖర్చు లేని వైద్యం' అనే మాటను జాగ్రత్తగా వాడాలి. తొట్టెడు శుభ్రమైన నీరు రోజూ దొరకడం, కూర్చొని కడుక్కొనే చోటు ఉండడం, కూలికి వెళ్ళే ముందు అంత సమయం చిక్కడం అందరికీ సాధ్యం కాదు. బోరింగు నుంచి బిందెలతో నీరు మోసే స్త్రీకి ఇది అదనపు మోత. ముదిరిన దశలో మనిషి వంగి తన పాదాన్ని తాను అందుకోలేడు, మరొకరు కడగాలి. కాబట్టి స్వీయసంరక్షణలో 'స్వీయ' అనేది ఒంటరి మనిషి బాధ్యత అని అర్థం చేసుకోకూడదు. తెలంగాణలో 2018లో బోదకాలు బాధితులను ఆసరా పింఛన్ల పరిధిలోకి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తీవ్రదశలోని వారికి పింఛను ఉన్నది. సబ్బు ధర చిన్నదే కానీ కోల్పోయిన కూలి చిన్నది కాదన్న గుర్తింపు ఈ నిర్ణయాల వెనుక ఉన్నది.

8. 'నయం' – 'అదుపు':
వ్యాధిగ్రస్తులు మొదట అడిగే ప్రశ్న 'నయమవుతుందా?' అని. 'కాదు' అంటే ఆశ తెగుతుంది. 'అవుతుంది' అంటే కొన్ని నెలలకు అది అబద్ధమని తేలి, నమ్మకం పోతుంది. ఈ రెండు జవాబుల మధ్య సంరక్షణకు చోటు లేదు.

నిజానికి తెలుగు వాడుక ఈ మధ్యస్థితికి ఇప్పటికే ఒక మాటను సిద్ధం చేసుకొన్నది. మధుమేహం గురించి ఎవరూ 'షుగరు నయమైంది' అనరు; 'షుగరు అదుపులో ఉంది' అంటారు. నయం కాని జబ్బుతో పనిచేసుకొంటూ బతకవచ్చునని, అందుకు రోజూ కొంత శ్రద్ధ కావాలని ఆ వాక్యం చెప్తున్నది. 'కాలు అదుపులో ఉంది' అనే వాక్యం కూడా అలాగే వాడుకలోకి రావాలి. 'స్వీయసంరక్షణ' అనే పారిభాషికపదం పత్రాలకు సరిపోతుంది. ఇంటి గడప దగ్గర 'మన కాలు మనం చూసుకోవడం' అన్నదే బోధపడుతుంది.

ఏది చెప్పాలనేదానితో పాటు ఎంత చెప్పాలనేదీ ముఖ్యం. 'రోజూ కడిగి ఆర్చితే జ్వరాలు తగ్గుతాయి. జ్వరాలు తగ్గితే కాలు ఇంకా పెరగదు. వాసన పోతుంది, నలుగురిలో కూర్చోవచ్చు' అనే మూడు వాక్యాలలో అతిశయోక్తి లేదు. వీటిలో ప్రతి ఒక్కటీ వ్యాధిగ్రస్తులు కొన్ని నెలల్లో తమంతట తాము పరీక్షించుకోగలిగినది. నెలకు ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొంటే ఫలితం కళ్ళకు కనిపిస్తుంది. కాలి కొలతలో మార్పు లేకపోయినా ఆ గుర్తులు తగ్గడమే విజయం.

9. ముగింపు:
- బోదకాలు ముదరడంలో పురుగుతో పాటు, పదేపదే వచ్చే బాక్టీరియా జ్వరాల పాత్ర ప్రధానమైనది. శుభ్రత ఆ జ్వరాలను తగ్గిస్తుంది.
- పంపిణీ చేసే మాత్ర వ్యాప్తిని ఆపేది. వాచిన కాలికి కావలసినది రోజువారీ సంరక్షణ. 'బోదకాలు మాత్ర' అనే పేరు ఈ తేడాను మరుగుపరుస్తున్నది.
- కాళ్ళు కడుక్కొనే ఆచారం ఉన్న సమాజంలో కొత్తగా నేర్పవలసినది సబ్బు వాడటం, తడి ఆర్చడం, చర్మాన్ని పరిశీలించడం.
- డబ్బు ఖర్చు తక్కువైనా నీరు, సమయం, తోడు అవసరం. అవి లేనివారిని 'శ్రద్ధ లేనివారు' అని నిందించడం సరికాదు.
- 'నయం' అనే మాట చుట్టూ తిరిగే సంభాషణను 'అదుపు' వైపు మళ్ళించడం సంరక్షణను కొనసాగించడానికి తోడ్పడుతుంది.

కరపత్రాలు, గోడరాతలు, రేడియో ప్రసంగాలు వంటి ఆరోగ్య సమాచారం తెలుగు గద్యంలో పెద్ద భాగం. వాటిని ఎవరు చదువుతారో, చదివి ఏమి అర్థం చేసుకొంటారో పరిశీలించడానికి తెలుగు శాఖల పరిశోధకులకు తగిన శిక్షణ ఉన్నది. ఒక సమాసాన్ని సరిగా విప్పి చెప్పడం వల్ల ఒక మనిషికి ఈ ఏడాది రావలసిన జ్వరం రాకుండా పోతే, ఆ పరిశోధనకు అంతకుమించిన ప్రయోజనం అక్కరలేదు.